చేప పెరిగే వేగాన్ని బట్టి అక్వేరియంలో ఎన్ని చేపలు ఉంచాలో లెక్క వేసుకోవడం ఎలా?

అక్వేరియం దుకాణాల్లో అమ్మే చేపల్లో ఎక్కువ భాగం పిల్ల చేపలే. 5 సెంటీమీటర్ల ఆస్కార్, 4 సెంటీమీటర్ల గోల్డ్‌ఫిష్, 7 సెంటీమీటర్ల ‘షార్క్’ పక్కపక్క తొట్లలో ఈదుతుంటే వాటి మధ్య తేడా రంగులో, ఆకారంలో మాత్రమే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆస్కార్ 25 సెంటీమీటర్లకు చేరుతుంది, గోల్డ్‌ఫిష్ అరచేతిని నింపుతుంది, ఆ ‘షార్క్’ మాత్రం ఏ ఇంటి ట్యాంకులోనూ పట్టని దారిలో ఉంటుంది. కాబట్టి ట్యాంకులో ఎన్ని చేపలు వేయాలన్న ప్రశ్నకు జవాబును కొన్న రోజు కనిపించే పరిమాణం నుంచి కాక, ఏడాది తర్వాత, రెండేళ్ల తర్వాత ఉండబోయే పరిమాణం నుంచి రాబట్టాలి. ఆ లెక్కను ఇంట్లోనే, కాగితం మీద, చిన్నపాటి గుణకార భాగహారాలతో ఎలా వేసుకోవచ్చో ఈ మార్గదర్శి వివరిస్తుంది.

పొడవు కాదు, బరువు

గ్యాలన్ నీటికి ఒక అంగుళం చేప అనే సూత్రం చాలామంది నోట వినిపిస్తుంది. గుర్తుంచుకోవడానికి సులువే గానీ, పెరిగే చేప విషయంలో అది పూర్తిగా దారి తప్పిస్తుంది. చేప పొడవు రెట్టింపైతే వెడల్పు, మందం కూడా దాదాపు రెట్టింపవుతాయి కనుక బరువు ఎనిమిది రెట్లవుతుంది. 5 సెంటీమీటర్ల ఆస్కార్ 25 సెంటీమీటర్లకు ఎదిగిందంటే పొడవు ఐదు రెట్లే పెరిగింది, బరువు మాత్రం సుమారు 125 రెట్లు పెరిగింది. చేప తినే మేత, వదిలే వ్యర్థం, పీల్చే ఆక్సిజన్ బరువును అనుసరించి పెరుగుతాయి తప్ప పొడవును అనుసరించి కాదు.

బరువును ఇంట్లో అంచనా వేయడానికి ఒక మోటు లెక్క సరిపోతుంది. తోకతో కలిపి పొడవును సెంటీమీటర్లలో తీసుకుని, దాని ఘనాన్ని కట్టి, ఆస్కార్ లాంటి బలిష్ఠమైన చేపకైతే 50తో, జీబ్రా డానియో, నియాన్ టెట్రా లాంటి సన్నటి చేపకైతే 100తో భాగించాలి. వచ్చేది గ్రాముల్లో బరువు. ఈ లెక్కన 4 సెంటీమీటర్ల జీబ్రా డానియో సుమారు 0.6 గ్రాములు, 10 సెంటీమీటర్ల ఆస్కార్ 20 గ్రాములు. అంటే ముప్పై జీబ్రా చేపలూ ఒక్క 10 సెంటీమీటర్ల ఆస్కారూ బరువులో దాదాపు సమానం. అంగుళాల సూత్రం మాత్రం జీబ్రా గుంపుకు 120 సెంటీమీటర్లు, ఆస్కార్‌కు 10 సెంటీమీటర్లు అని లెక్కగట్టి ఆస్కార్‌ను తేలికైన చేపగా చూపిస్తుంది. చిన్న చేపలు గ్రాము బరువుకు కొంత ఎక్కువ తింటాయన్నది నిజమే, అయినా ఆ తేడా ఇంత పెద్ద దూరాన్ని పూడ్చలేదు.

మొదటి అడుగు: చేప అసలు జాతినీ, అది పెరిగే వేగాన్నీ తెలుసుకోవడం

దుకాణంలో వాడే పేరు జాతిని చెప్పదు. ‘బ్లూ షార్క్’, ‘టైగర్ షార్క్’ లాంటి పేర్లతో అమ్మే వెండి రంగు చేపపిల్ల చాలా సందర్భాల్లో పంగాసియస్. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి చేపల మార్కెట్లలో కిలోల లెక్కన అమ్మే పంగస్ ఇదే. చెరువులో బాగా మేపితే ఏడాదిలోనే కిలో తూగే ఈ చేప సొంత ఊరు ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావో ఫ్రాయా నదులు. అక్కడ అది మీటరుకు మించి పెరుగుతుంది. పైగా గుంపుగా బతికే జాతి, బెదురు స్వభావం, చిన్న అలికిడికే పరుగెత్తి గాజుకు మూతి కొట్టుకుంటుంది. అక్వేరియంలో చెరువులో పెరిగినంత వేగంగా పెరగకపోయినా, ఇంటి ట్యాంకుకు ఇది తగిన చేప కాదని నేను గట్టిగా చెబుతాను. రెడ్ బెల్లీ పాకూ పరిస్థితీ అంతే. మన చెరువుల్లో దాన్ని రూప్‌చంద్ పేరుతో తినడానికే పెంచుతారు. నాచు తింటుందని అంటగట్టే సక్కర్ చేప 40 సెంటీమీటర్లు దాటుతుంది. నాచు కోసం దాన్ని తెచ్చుకుంటే, అది తినే నాచు కంటే వదిలే మలమే ఎక్కువవుతుంది.

పెరిగే తీరును బట్టి అక్వేరియం చేపలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. మొదటి రకం చిన్న జాతులు. నియాన్ టెట్రాలు, జీబ్రా డానియోలు, చెర్రీ బార్బులు, గప్పీలు కొన్నప్పుడే పూర్తి పొడవులో సగానికి పైగా ఉంటాయి, కొన్ని నెలల్లో పూర్తి పొడవుకు చేరి దాదాపు అక్కడే ఆగుతాయి. వీటి విషయంలో లెక్క తప్పినా నష్టం కొద్దిపాటిదే.

రెండో రకం ఒక్కసారిగా ఎదిగేవి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ పిల్లలు మంచి మేత, శుభ్రమైన నీరు దొరికితే మొదటి నెలల్లో నెలకు దాదాపు 2.5 సెంటీమీటర్లు పెరుగుతాయి, తర్వాత నెమ్మదించి 25 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య నిలుస్తాయి. సిల్వర్ అరవానా వీటికంటే వేగం, చివరికి 90 సెంటీమీటర్ల వరకు వెళుతుంది. గోల్డ్‌ఫిష్‌ను గాజు గిన్నెలో చూసి చూసి చిన్న చేప అనుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, పొడవాటి తోక కామెట్ రకం 25 సెంటీమీటర్లు దాటగలదు, గుండ్రటి ఒరాండా, రాంచూ రకాలు 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు ఎదుగుతాయి. సరిగా చూసుకుంటే పదిహేనేళ్లు బతికే జీవి అది.

మూడో రకం నిదానంగా పెరిగేవి. ఎక్కువమంది బోల్తా పడేది వీటి దగ్గరే. క్లౌన్ లోచ్ మొదటి రెండేళ్లలో అరచేతి వెడల్పుకు మించి పెరగకపోవచ్చు. అందుకే మూడడుగుల ట్యాంకులో ఆరింటిని వేసినవారికి చాలాకాలం ఏ ఇబ్బందీ కనిపించదు. కానీ అది ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది, 25 సెంటీమీటర్లు దాటుతుంది, గుంపు లేకుండా ఉండలేదు. నిదానంగా పెరగడమంటే తక్కువ పెరగడం కాదు.

జాతి వివరాలు చదివేటప్పుడు ఒక సంగతి గమనించాలి. కొన్ని చోట్ల ఇచ్చే పొడవు తోకను మినహాయించి మూతి నుంచి తోక మొదలు వరకు కొలిచినది. అలాంటి అంకె కనిపిస్తే దానికి ఐదో వంతు కలుపుకోవడం మంచిది. చలి దేశాలవారు రాసిన పెరుగుదల అంచనాలను కూడా యథాతథంగా తీసుకోకూడదు. చేప ఒంటి వేడి నీటి వేడిని అనుసరిస్తుంది కనుక, ఏడాదిలో ఎక్కువ కాలం హీటరు లేకుండానే 27, 28 డిగ్రీలుండే మన ట్యాంకుల్లో ఉష్ణమండల చేపలు చురుగ్గా తిని త్వరగా ఎదుగుతాయి.

రెండో అడుగు: ట్యాంకును కొలవడం

పొడవు, వెడల్పు, ఎత్తులను లోపలి వైపు నుంచి సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల సాధారణ ట్యాంకు 60×30×30 అయితే 54 లీటర్లు. అడుగున గులకరాళ్లు, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను అసలు నీరు 45 లీటర్లే. నాలుగడుగుల ట్యాంకు 120×45×45 అయితే 243 లీటర్లు, అసలు నీరు సుమారు 200 లీటర్లు. ఇకపై లెక్కలన్నీ ఈ అసలు నీటి మీదే వేయాలి. నాలుగడుగుల ట్యాంకు నీరు, గాజు, రాళ్లు, స్టాండుతో కలిపి 300 కిలోలు దాటుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్లలో గది మధ్యన కాకుండా దూలం మీదుగా వెళ్లే గోడ వెంట పెట్టడం క్షేమం.

లీటర్ల కంటే ముందు చేప తిరగగలదా అన్నది చూడాలి. ట్యాంకు పొడవు పూర్తిగా ఎదిగిన చేప పొడవుకు కనీసం నాలుగు రెట్లు, వెడల్పు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది నేను పాటించమని చెప్పే కనీస హద్దు. 30 సెంటీమీటర్ల ఆస్కార్‌కు ఈ లెక్కన 120×45 అడుగుభాగం సరిగ్గా సరిపోతుంది. ఏంజెల్ చేప పొడవు తక్కువే అయినా రెక్కలతో కలిపి నిలువునా 20 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి దానికి ఎత్తు ముఖ్యం, 45 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అరవానాకు వెడల్పు ముఖ్యం. ఈ పరీక్షలో తప్పిన చేపకు మిగతా లెక్కలు వేయనక్కర్లేదు, కొనకుండా వదిలేయడమే.

మూడో అడుగు: మేత నుంచి నైట్రేట్ దాకా లెక్క

చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిలో పెద్ద భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా బయటికి వస్తుంది. ఫిల్టరులోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. ఫిల్టరు అక్కడితో ఆగుతుంది, నైట్రేట్‌ను నీటి మార్పిడితోనే తీసేయాలి. మాంసకృత్తులు 40 శాతం దాకా ఉండే గుళికల మేతలో ప్రతి గ్రాముకూ సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని వెలువడుతుందని ఆక్వా రంగంలో లెక్క వేస్తారు. అది పూర్తిగా మారితే 130 మిల్లీగ్రాములకు కాస్త పైన నైట్రేట్ అవుతుంది. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ట్యాంకు భవిష్యత్తును ముందే చూడవచ్చు.

పూర్తిగా ఎదిగిన పెద్ద చేప రోజుకు తన బరువులో దాదాపు 1 శాతం, చిన్న జాతుల చేపలు 2 శాతం, ఎదిగే పిల్లలు 3 నుంచి 5 శాతం మేత తింటాయనుకుందాం. 25 సెంటీమీటర్ల ఆస్కార్ ఏమీ తక్కువ చేప కాదు, ఘనాన్ని 50తో భాగించినప్పుడు 310 గ్రాములు వస్తుంది, బాగా మేసినదైతే 375 వరకు తూగుతుంది. ఎక్కువ అంకెనే తీసుకుంటే రోజుకు 3.75 గ్రాముల మేత, అంటే సుమారు 500 మిల్లీగ్రాముల నైట్రేట్. 200 లీటర్ల నీటిలో అది లీటరుకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు, వారానికి 17.5 మిల్లీగ్రాములు.

ఇప్పుడు నీటి మార్పిడిని చేర్చాలి. వారానికి పేరుకునే మొత్తాన్ని మార్చే నీటి భాగంతో భాగిస్తే, కొన్ని వారాల తర్వాత నైట్రేట్ ఏ ఎత్తుకు చేరి నిలుస్తుందో తెలుస్తుంది. సగం నీరు మారిస్తే 17.5ను అరతో భాగించాలి, 35 వస్తుంది. సాధారణంగా నైట్రేట్‌ను లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు ఉంచమని చెబుతారు కనుక ఒక్క ఆస్కార్‌తోనే నాలుగడుగుల ట్యాంకు నిండినట్టు లెక్క. రెండో ఆస్కార్‌ను చేరిస్తే వారానికి ఒకసారి సగం నీరు మార్చినా 70కి చేరుతుంది. వారానికి రెండుసార్లు సగం సగం మార్చగలిగితేనే మళ్లీ 35 దగ్గర నిలుస్తుంది. ఆ శ్రమను పదేళ్లపాటు చేయగలమా అని ఇంట్లో నిజాయితీగా మాట్లాడుకున్న తర్వాతే రెండో చేపను కొనాలి.

రెండడుగుల ట్యాంకుకు ఇదే లెక్కను వెనక నుంచి వేద్దాం. వారానికి 30 శాతం నీరు మారుస్తామనీ, నైట్రేట్ 30 దాటకూడదనీ అనుకుంటే వారానికి లీటరుకు 9 మిల్లీగ్రాములే చేరాలి. 45 లీటర్లకు అది 405 మిల్లీగ్రాములు, మేతగా చూస్తే వారానికి 3 గ్రాములు, రోజుకు 0.43 గ్రాములు. 2 శాతం చొప్పున తినే చేపలైతే అన్నీ కలిపి 21 గ్రాముల బరువుండాలి. నైట్రేట్ ఒక్కటే చూస్తే ముప్పై జీబ్రా చేపలు పడతాయి. కానీ ఈదే చోటు, వేసవిలో ఆక్సిజన్ చూసుకుంటే పదిహేను, మహా అయితే ఇరవై దగ్గర ఆగడం మేలు. అదే ట్యాంకులో 16 సెంటీమీటర్లకు ఎదిగిన ఒక్క గోల్డ్‌ఫిష్ రోజుకు 0.8 గ్రాములు తిని మొత్తం హద్దును దాదాపు రెట్టింపు దాటేస్తుంది. గుండ్రటి గోల్డ్‌ఫిష్‌కు మొదటి చేపకు 75 లీటర్లు, ఆపై ప్రతి చేపకూ 40 లీటర్లు కనీసమని అనుభవజ్ఞులు చెప్పేది ఊరికే కాదు.

బోరు నీరు వాడేవారు ఇక్కడ ఒక అంకె చేర్చుకోవాలి. వ్యవసాయ ప్రాంతాల భూగర్భ జలాల్లో నైట్రేట్ ముందే ఉంటుంది, తాగునీటికి మన దేశ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పరిమితే లీటరుకు 45 మిల్లీగ్రాములు. టెస్ట్ కిట్‌తో కుళాయి నీటిని ఒకసారి పరీక్షించి, వచ్చిన అంకెను పై ఫలితానికి నేరుగా కూడాలి. కుళాయిలోనే 20 ఉంటే 35 కాస్తా 55 అవుతుంది. క్షారత ఎక్కువైన నీటిలో మరో ప్రమాదమూ ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపూరితమైన భాగం సుమారు పది రెట్లవుతుంది. ఫిల్టరు ఇంకా కుదురుకోని ట్యాంకులో బోరు నీటితో చేపలు త్వరగా చనిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

నాలుగో అడుగు: మే నెలను కొలమానంగా పెట్టుకోవడం

20 డిగ్రీల నీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల్లో 7.3 మాత్రమే. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. డిసెంబరులో హాయిగా ఉన్న ట్యాంకు మే నెలలో, ఫిల్టరు ఆగిన కరెంటు కోత వేళ, తెల్లవారుజామున కష్టంలో పడుతుంది. చేపలు అప్పటికి ఆరు నెలల ఎదుగుదలను మోస్తూ ఉంటాయి కూడా. ట్యాంకు లెక్కను వేసవికి సరిపోయేలా వేసుకుంటే మిగతా కాలాలు వాటంతట అవే సర్దుకుంటాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో తప్పక ఉండాలి. నీటి ఉపరితలం మీద చిన్న ఫ్యాను తిప్పితే వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఐదో అడుగు: చేపలను విడతలుగా చేర్చడం

కొత్త ట్యాంకులో ఫిల్టరు సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన తర్వాతే మొదటి విడత చేపలు రావాలి. చిన్న జాతులైతే మొత్తంలో మూడో వంతు చొప్పున, రెండు మూడు వారాల ఎడంతో చేర్చవచ్చు. వేగంగా ఎదిగే చేపకు ఈ పద్ధతి వర్తించదు. అక్కడ చేప ఒక్కటే వస్తుంది, ప్రతి నెలా దాని బరువే కొత్త విడతలా చేరుతుంది. 5 సెంటీమీటర్ల పిల్లతో నాలుగడుగుల ట్యాంకు బోసిగా కనిపిస్తుంది, ఆ ఖాళీని ‘ప్రస్తుతానికి’ వేరే చేపలతో నింపాలని మనసు లాగుతుంది. అప్పుడు తెచ్చిన టెట్రాలు ఆరు నెలల్లో ఆస్కార్‌కు మేతవుతాయి, పెద్ద చేపలైతే దానికి పోటీ అవుతాయి. ఆ ఖాళీ చేప ఎదగడానికి వదిలిన చోటు, దాన్ని అలాగే ఉంచాలి.

‘ముందు చిన్న ట్యాంకు, తర్వాత పెద్దది’ అన్న ఆలోచనను నేను సమర్థించను. నెలకు 2.5 సెంటీమీటర్లు పెరిగే చేప మన ఖర్చుల సర్దుబాటు కోసం ఆగదు. పెద్ద ట్యాంకు ముందు కొని, చేప తర్వాత కొనడమే వరుస.

పిల్లల్ని కనే గప్పీ, మోలీ, ప్లాటీ చేపల్లో పెరిగేది పొడవు కాదు, సంఖ్య. ఆడ గప్పీ నాలుగు వారాలకు ఒకసారి ఇరవై, ముప్పై పిల్లలను పెడుతుంది. మగచేప లేకపోయినా దాచుకున్న వీర్యంతో కొన్ని నెలలపాటు ఈనగలదు. ఆ పిల్లలు మరో మూడు నెలల్లో తల్లులవుతాయి. రెండడుగుల ట్యాంకులో గప్పీలు కావాలనుకుంటే మగవాటినే తెచ్చుకోవడం తేలికైన ఉపాయం.

ఆరో అడుగు: నెలనెలా కొలిచి రాసుకోవడం

చేపను నీటి నుంచి తీసి కొలవకూడదు. ముందరి గాజుకు బయట, అడుగు అంచున సెంటీమీటర్ల కాగితపు టేపు అంటించి, మేత వేసే వేళ చేప గాజుకు ఆనుకుని పక్కకు తిరిగినప్పుడు ఎదురుగా ఫోటో తీస్తే చాలు. చేప గాజుకు దూరంగా ఉంటే అంకె తప్పుతుంది కాబట్టి మూడు నాలుగు ఫోటోల్లో అన్నిటికంటే దగ్గరిదాన్ని ఎంచుకోవాలి. మేతనూ తూచాలి. ఒక చిటికెడు మేత ఇంటి త్రాసుకు అందదు కనుక పది చిటికెలు ఒక కాగితం మీద పోసి తూచి, పదితో భాగించాలి. తేదీ, పొడవు, మేత, నీరు మార్చే ముందు నైట్రేట్ అనే నాలుగు గడులతో ఒక నోటు పుస్తకం పెట్టుకుంటే, నాలుగైదు నెలలకే చేప వేగం కళ్లకు కడుతుంది.

వేగంగా ఎదిగే వయసులో ఉన్న చేప వరుసగా రెండు నెలలు ఏమాత్రం పెరగకపోతే అది సంతోషించాల్సిన విషయం కాదు. ట్యాంకుకు తగ్గట్టు చేప పెరుగుదల ఆపుకుంటుందన్న మాటలో నిజం లేదు. పాడైన నీటిలో, ఇరుకులో ఎదుగుదల మందగిస్తుంది, వెన్ను వంకర తిరుగుతుంది, ఒంటితో పోలిస్తే కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి, ఆయుష్షు తగ్గుతుంది. మేత తగ్గించి చేపను చిన్నగా ఉంచాలని చూడడం కూడా ఇంతే హాని. పిల్ల చేపకు రోజుకు మూడు పూటలు కొద్ది కొద్దిగా, ఎదిగినదానికి ఒక పూట పెట్టాలి. పెద్ద చేపకు వారానికి ఒక రోజు మేత మానితే నష్టం లేదు.

ఏడో అడుగు: మించిపోయే చేపకు దారి ముందే చూసుకోవడం

కొనేటప్పుడే దుకాణదారును పెద్దదైన చేపను తిరిగి తీసుకుంటారా అని అడగాలి. తీసుకోబోమని చెబితే, తీసుకునేవారు మరొకరు దొరికే దాకా ఆ జాతిని కొనకపోవడం మంచిది. చెరువులోనో, కాలువలోనో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. అక్వేరియాల ద్వారా వచ్చిన సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో డెవిల్ ఫిష్ పేరుతో రైతుల వలలను చింపుతూ, సాగు చేపల మేతను తింటూ ఇప్పటికే పెద్ద బెడదగా మారాయి.

చేప పొడవు ట్యాంకు పొడవులో నాలుగో వంతు దాటినప్పుడు, లేదా నీటి మార్పిడి సక్రమంగా సాగుతున్నా నైట్రేట్ వరుసగా మూడు వారాలు 40 పైన నిలిచినప్పుడు చేపను మార్చే సమయం వచ్చినట్టు. కొత్త ట్యాంకులో నీరు నింపి, పంపు నీరైతే క్లోరిన్ తీసేసి, రెండు ట్యాంకుల నీటి వేడి సమానమయ్యాక పాత ఫిల్టరులోని స్పాంజి, రింగులను కడగకుండా, ఆరనివ్వకుండా కొత్త ఫిల్టరులోకి మార్చాలి. చేపను వలతో కాకుండా మూత ఉన్న బక్కెట్లో పాత నీటితోనే పట్టి, అరగంటపాటు కొత్త నీరు కొద్దికొద్దిగా కలుపుతూ వదలాలి. మొదటి పది రోజులు మేత సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు అమ్మోనియా పరీక్షించుకోవాలి.